తిండి విషయంలో సాయం కావాలంటే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల కళాశాల విద్యార్థులు ఎవరి దగ్గరకు, ఎలా వెళ్లాలి?

"హాస్టల్లో చేరినప్పటి నుంచి జుట్టు ఊడిపోతోంది, ఏం తినాలి?" "తిన్న వెంటనే కక్కేయాలనిపిస్తోంది, ఇది జబ్బేనా?" "బరువు తగ్గాలని మొదలుపెట్టాను, ఇప్పుడు తిందామన్నా తినలేకపోతున్నాను, ఎవరికి చూపించుకోవాలి?" నెల్లూరు, ఒంగోలు, కావలి, కందుకూరు కళాశాలల్లో పోషకాహారం పాఠం చెప్పేవారిని విద్యార్థులు తరగతి అయిపోయాక గుమ్మం దగ్గర ఆపి అడిగే ప్రశ్నలు ఇవే. అడిగే తీరు వేరుగా ఉన్నా వాటి వెనుక ఉన్న అవసరం దాదాపు ఒక్కటే కాబట్టి, జవాబును ఒకచోట వరుసగా రాస్తున్నాను. ఏం తినాలో చెప్పే పట్టిక ఇందులో లేదు. సరైన మనిషి దగ్గరకు ఎలా చేరాలో, చేరాక ఏం అడగాలో, అందిన సాయం పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలో మాత్రమే ఉంది.

ముందే ఒక మాట చెప్పాలి. మీ ఇబ్బంది రక్తహీనతా, మెస్ భోజనమా, చేతిలో డబ్బు లేకపోవడమా, లేక తిండి అంటేనే భయం పట్టుకోవడమా అన్నది మీరే తేల్చుకుని బయల్దేరవలసిన అవసరం లేదు. చాలామందిలో ఇవి రెండు మూడు కలిసే ఉంటాయి. వాటిని విడదీయడం వైద్యుడి పని.

దగ్గర ఉంచుకోవలసినవి

- ఆధార్ కార్డు, కళాశాల గుర్తింపు కార్డు, ఫోను. ఆభా నంబరు (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా సంఖ్య) ఉంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ చీటీ తీసుకోవడం తేలికవుతుంది.
- గతంలో చేయించుకున్న రక్తపరీక్షల కాగితాలు, మందుల చీటీలు.
- ఇప్పుడు వాడుతున్న ప్రతి మాత్ర, పొడి, కషాయం, టీ పొట్లం తాలూకు ఫోటో. విరేచనం మాత్రలు, బరువు తగ్గించే పొడులు, జిమ్‌లో ఇచ్చిన డబ్బాలు కూడా ఇందులోకే వస్తాయి.
- ఒక చిన్న నోటు పుస్తకం.
- నమ్మకమైన తోడు ఒకరు. తప్పనిసరి కాదు కానీ, ఓపీ వరుసలో నిలబడి మనసు మార్చుకుని వెనక్కి వచ్చేసేవారు ఎక్కువ కాబట్టి తోడు ఉంటే మేలు.

1. మొదట ప్రమాదం ఉందేమో చూసుకోండి

కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా మెట్లన్నీ పక్కన పెట్టి, అదే రోజు ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. కదలలేని స్థితి అయితే 108కి ఫోన్ చేయండి.

స్పృహ తప్పి పడిపోవడం, లేదా లేచి నిలబడిన ప్రతిసారీ కళ్లు చీకట్లు కమ్మడం, గుండె దడ, ఛాతీ నొప్పి, కూర్చుని ఉన్నప్పుడు కూడా నాడి నిమిషానికి 50 కంటే తక్కువ కొట్టుకోవడం, వాంతిలో రక్తం, రోజుకు ఎన్నోసార్లు వాంతులు, వాటితోపాటు కండరాలు పట్టేయడం, కొన్ని రోజులుగా దాదాపు ఏమీ తినకపోవడం, నీళ్లు కూడా తాగలేకపోవడం, షుగరు ఉండి, బరువు పెరుగుతామని ఇన్సులిన్ మానేయడం, చనిపోవాలన్న ఆలోచన రావడం.

మాటిమాటికీ వాంతి చేసుకునేవారిలో రక్తంలోని పొటాషియం పడిపోతుంది, దానివల్ల గుండె లయ తప్పుతుంది. పైకి మనిషి మామూలుగానే కనిపిస్తాడు. అందుకే "నిన్న బాగానే ఉన్నాను కదా" అని ఆగవద్దు. అలాగే చాలా రోజులు పస్తు ఉన్న వ్యక్తికి స్నేహితులు జాలిపడి ఒక్కసారిగా కడుపునిండా బిరియానీ పెట్టకూడదు. పస్తు తరువాత హఠాత్తుగా ఎక్కువ తింటే రక్తంలో లవణాల లెక్క తలకిందులై ప్రాణం మీదకు వచ్చే అవకాశం ఉంది. ఆ తిరిగి తినడం వైద్యుల కళ్ల ముందు, కొద్దికొద్దిగా జరగాలి.

చనిపోవాలన్న ఆలోచన వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416కి అప్పుడే ఫోన్ చేయండి, గదిలో ఒంటరిగా ఉండవద్దు.

2. అయిదు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి

వైద్యులు స్కాఫ్ అని పిలిచే చిన్న ప్రశ్నావళి ఒకటి ఉంది. 1999లో బ్రిటన్‌లో వెలువడిన ఈ ప్రశ్నల సారాంశం ఇది. కడుపు మరీ నిండిపోయిందని కావాలని వాంతి చేసుకుంటున్నారా? ఎంత తింటున్నామన్నది మీ అదుపులో లేదన్న దిగులు ఉందా? గత మూడు నెలల్లో ఆరు కిలోలకు మించి బరువు తగ్గారా? సన్నగా ఉన్నావని అందరూ అంటున్నా లావుగా ఉన్నామనే మీకు అనిపిస్తోందా? రోజంతా మీ మీద తిండి ధ్యాసే పెత్తనం చేస్తోందా?

రెండింటికి గానీ అంతకంటే ఎక్కువ వాటికి గానీ అవునని వస్తే వైద్యుడికి చూపించుకోవడం వాయిదా వేయకూడదు. అంతమాత్రాన జబ్బు ఉందని తేలినట్టు కాదు, చూపించుకోవలసిన అవసరం ఉందని మాత్రమే అర్థం. అన్నింటికీ కాదని వచ్చినా సంతోషపడి ఊరుకోవద్దు. మెతుకు గొంతులో అడ్డుపడుతుందన్న భయంతోనో, కూరల జిగురు, వాసన పడకో తినలేనివారిని ఈ ప్రశ్నలు పట్టుకోలేవు. డబ్బు చాలక ఒక పూట మానేసేవారినీ పట్టుకోలేవు.

బరువు మామూలుగానే ఉంది కాబట్టి ఏమీ లేదనుకోవడం ఇక్కడ అన్నింటికంటే పెద్ద పొరపాటు. ఆబగా తిని వాంతి చేసుకునే జబ్బు ఉన్నవారిలో చాలామంది బరువు సాధారణంగానే ఉంటుంది. మగపిల్లలకు ఇలాంటి జబ్బులు రావన్నది కూడా అపోహే. "కటింగ్" (కండలు కనిపించేలా కొవ్వు కరిగించడం) పేరుతో అన్నం పూర్తిగా మానేసి, ఒక్క రోజు జిమ్‌కు వెళ్లకపోతే నిద్ర పట్టని కుర్రవాడు కూడా ఈ ప్రశ్నలు వేసుకోవలసినవాడే.

3. వారం రోజులు రాసుకోండి, కానీ లెక్క కట్టవద్దు

నోటు పుస్తకంలో ఏడు రోజులపాటు ఎప్పుడు, ఎక్కడ, ఏం తిన్నారో, అప్పుడు మనసులో ఏముందో రెండేసి ముక్కల్లో రాయండి. ఇలా ఉంటే చాలు:

*సోమవారం, ఉదయం 7.40. మెస్. ఇడ్లీలు రెండు, చట్నీ. ఆకలి తీరలేదు, మూడోది అడగడానికి సిగ్గేసింది.*
*మధ్యాహ్నం 1.15. మెస్‌కు వెళ్లలేదు. రికార్డు రాయాలని సాకు చెప్పాను.*
*సాయంత్రం 5.30. టీ, బిస్కెట్లు.*
*రాత్రి 8.30. అన్నం, సాంబారు, పెరుగు. పదిన్నరకు గదిలో మిక్చర్ పొట్లం మొత్తం తిన్నాను. తరువాత బాత్రూంకు వెళ్లి కక్కాను.*

ఈ నాలుగు ముక్కలు చూస్తే తెలిసినవారికి చాలా విషయం తెలుస్తుంది. మధ్యాహ్నం మానేసిన అన్నమే రాత్రి పదిన్నరకు పొట్లం రూపంలో తిరిగి వచ్చింది. అది ఆ అమ్మాయి మనోబలం లోపం కాదు, ఆకలి. ఇదే విషయాన్ని నోటితో చెప్పమంటే "అప్పుడప్పుడు ఎక్కువ తినేస్తాను మేడం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, వైద్యుడికి ఏమీ అర్థం కాదు. ఆడపిల్లలు ఈ పుస్తకంలోనే చివరిసారి నెలసరి ఎప్పుడు వచ్చిందో రాయాలి. నిద్ర, విరేచనం గురించి ఒక్కో ముక్క రాస్తే ఇంకా మంచిది.

హెచ్చరిక: కేలరీలు రాయవద్దు, గ్రాములు తూచవద్దు, కేలరీలు లెక్కించే యాప్‌లు వాడవద్దు. తిండి భయం ఉన్నవారికి ఆ అంకెలు మందు కావు, జబ్బును పెంచే మేత. రాయడం వల్లే కంగారు పెరుగుతోందనిపిస్తే రెండు రోజులకే ఆపేయండి. ఆ రెండు పేజీలు సరిపోతాయి.

4. మొదట చూడవలసింది మామూలు వైద్యుడినే

డైటీషియన్ దగ్గరకు నేరుగా వెళ్లాలా, మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లాలా అని తర్జనభర్జన పడుతూ నెలలు గడిపేస్తారు. ఆ ప్రశ్న అక్కర్లేదు. శరీరం ఎంతవరకు దెబ్బతిన్నదో తెలియకుండా ఆ ఇద్దరిలో ఎవరూ ధైర్యంగా ముందుకు వెళ్లలేరు. కాబట్టి మొదట ఎంబీబీఎస్ వైద్యుడు లేదా జనరల్ మెడిసిన్ వైద్యుడు.

నెల్లూరు నగరంలో ఉన్నవారికి ఏసీఎస్ఆర్ ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న సర్వజన ఆసుపత్రి, అంటే ఊళ్లో అందరూ పెద్దాసుపత్రి అనేది, ఉంది. ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. పేరు మారినా ఆటోవాళ్లకు రిమ్స్ అంటేనే తెలుస్తుంది. ఈ రెండూ బోధనాసుపత్రులు కాబట్టి జనరల్ మెడిసిన్, మానసిక వైద్యం, స్త్రీల విభాగం ఒకే ఆవరణలో దొరుకుతాయి, ఓపీకి ఫీజు ఉండదు. కావలి, కందుకూరు, మార్కాపురం వైపు చదివేవారు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి పరీక్ష చేయించుకుని, అవసరమైతే పెద్ద ఆసుపత్రికి రాయించుకోవచ్చు. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో చదివేవారు నగరానికి రావాలి కాబట్టి, తరగతులు తక్కువగా ఉన్న రోజు ఎంచుకుని పొద్దున్నే బయల్దేరాలి. ఓపీ ఉదయం పూటే నడుస్తుంది, వరుస పొడుగ్గా ఉంటుంది, పదకొండింటికి చేరితే ఆ రోజు పరీక్షల ఫలితాలు చేతికి రావు.

ప్రత్యామ్నాయాలు మూడు ఉన్నాయి. పెద్ద ఆసుపత్రి అంటే బెదురుగా ఉంటే మీ కళాశాలకు దగ్గరలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. అక్కడ జనం తక్కువ, వైద్యుడు నిదానంగా వింటారు. బయటకు వెళ్లడమే కుదరకపోతే ప్రభుత్వ టెలీవైద్య సేవ ఈ-సంజీవని ద్వారా ఫోనులో వైద్యుడితో మాట్లాడవచ్చు, అయితే నాడి, బీపీ ఎవరో ఒకరు చూడాలి కాబట్టి అది తాత్కాలికమే. స్తోమత ఉంటే ప్రైవేటు వైద్యుడిని చూడవచ్చు. ఫీజు, పరీక్షల ఖర్చు ముందుగా ఫోన్ చేసి అడగండి.

పందొమ్మిదేళ్ల లోపువారికి మరో దారి ఉంది. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్లవారి కోసం పెట్టినది, అందులో పోషణ, మానసిక ఆరోగ్యం రెండూ ఉన్నాయి. ఆసుపత్రిలో "కౌమార దశ పిల్లల క్లినిక్ ఏ గదిలో?" అని అడగండి.

5. వైద్యుడి ముందు చెప్పవలసిన మొదటి వాక్యం

ఓపీ గదిలో మీకు దొరికేది కొద్ది నిమిషాలే. పక్కన ఇంకో ఇద్దరు రోగులు నిలబడి ఉంటారు. ఆ హడావిడిలో "నీరసంగా ఉంది సార్" అంటే బలం మాత్రలు రాసి పంపిస్తారు. అందులో వైద్యుడి తప్పు పెద్దగా లేదు, మీరు చెప్పింది అంతే కదా. కాబట్టి మొదటి వాక్యాన్ని ముందే కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు:

"సార్, నాకు మూడు నెలల నుంచి తిండి దగ్గర ఇబ్బందిగా ఉంది. తిన్నాక వాంతి చేసుకుంటున్నాను. వారం రోజులది రాసుకొచ్చాను, ఒకసారి చూడండి."

నోటితో చెప్పడానికి సిగ్గయితే ఆ కాగితాన్నే చేతికి ఇవ్వండి. "కొంచెం విడిగా మాట్లాడాలి మేడం" అని అడగడం మీ హక్కు. విరేచనం మాత్రలు, వాంతులు, పస్తులు దాచవద్దు, ఎందుకంటే పరీక్షల ఎంపిక వాటినిబట్టే ఉంటుంది. బరువు అంకె వింటే మనసు చెదిరేవారు, తూకం యంత్రం మీద వెనక్కి తిరిగి నిలబడి, అంకె తనకు చెప్పవద్దని నర్సును అడగవచ్చు.

6. పరీక్షలు: ఏవి అడగాలి, ఎలా చదవాలి

ఏ పరీక్షలు కావాలో వైద్యుడే నిర్ణయిస్తారు. సాధారణంగా రాసేవి: పూర్తి రక్తపరీక్ష, షుగరు, థైరాయిడ్, మూత్రపిండాల పరీక్ష, సోడియం పొటాషియం, అవసరాన్నిబట్టి ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపేది), బి12, విటమిన్ డి, వాంతులు లేదా బాగా బరువు తగ్గడం ఉంటే ఈసీజీ. వాంతులు ఉన్నాయని చెప్పినా పొటాషియం, ఈసీజీ రాయకపోతే "ఆ రెండూ అవసరమా సార్?" అని మర్యాదగా అడగండి.

హిమోగ్లోబిన్ ఆడవారికి 12, మగవారికి 13 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత. ఐరన్ మాత్రలు రాస్తే వాటిని టీ, కాఫీ, పాలతో కలపకుండా, కనీసం గంట ఎడంగా, నిమ్మరసంతోనో జామపండుతోనో వేసుకోండి. మలం నల్లగా రావడం మామూలే, భయపడి మానవద్దు. కడుపులో తిప్పితే అన్నం తిన్న తరువాత వేసుకోవచ్చా అని అడగండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రక్తపరీక్షలన్నీ మామూలుగా వస్తే "నీకేం లేదు, బాగా తిను" అని ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి వైద్యులూ తేల్చేస్తారు. తినే జబ్బులు, అంటే తిండి భయం, ఆబగా తిని కక్కేయడం వంటివి, ఉన్నవారిలో చాలాకాలం రక్తం మామూలుగానే కనిపించవచ్చు. రెండో మెట్టులోని ప్రశ్నలకు మీ జవాబులు అవునని ఉంటే, రిపోర్టు బాగున్నా తరువాతి మెట్టుకు వెళ్లవలసిందే.

7. డైటీషియన్‌ను, మానసిక నిపుణుడిని ఎంచుకోవడం

ఈ మెట్టు దగ్గర మోసపోయేవారే ఎక్కువ, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. మన పట్టణాల్లో వీధివీధికీ "న్యూట్రిషన్ సెంటర్" బోర్డులు కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్తే ఒక యంత్రం మీద నిలబెట్టి, ఒంట్లో కొవ్వు ఇంత శాతం ఉందని చెప్పి, గ్లాసుడు షేక్ ఇచ్చి, నెలకు సరిపడా డబ్బాలు అంటగడతారు. అక్కడ కూర్చున్నవారిలో పోషకాహార శాస్త్రం చదివినవారు ఉండాలన్న నియమం లేదు. చాలాసార్లు వారు ఆ డబ్బాల అమ్మకందారులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన భారతీయుల ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచడం కోసం ప్రొటీన్ పొడులు వాడవద్దనే ఉంది.

నిజమైన డైటీషియన్‌ను గుర్తించడానికి మూడు ప్రశ్నలు చాలు. ఏం చదివారు? ఫుడ్స్ అండ్ న్యూట్రిషన్ లేదా డైటెటిక్స్‌లో డిగ్రీ, పీజీ ఉండాలి. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ ఇచ్చే ఆర్డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) గుర్తింపు ఉంటే మరీ మంచిది. మీ దగ్గర ఏదైనా కొనాలా? కొనాలంటే లేచి వచ్చేయండి. తినడమంటే భయపడేవారిని, వాంతి చేసుకునేవారిని ఇంతకుముందు చూశారా? లేదంటే, మానసిక నిపుణుడితో కలిసి పనిచేస్తారా అని అడగండి. ముద్రించిన పట్టికను మీ వారం పుస్తకం చూడకుండానే చేతికిచ్చే డైటీషియన్ దగ్గరకు రెండోసారి వెళ్లనవసరం లేదు.

మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు వేర్వేరు. మొదటివారు ఎంబీబీఎస్ పైన సైకియాట్రీ చదివి మందులు రాసేవారు. రెండోవారు మాటల ద్వారా చికిత్స చేసేవారు. వారికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, నమోదు సంఖ్య ఉంటుంది, అడిగితే చెప్పాలి. వారాంతపు కోర్సు చేసి "లైఫ్ కోచ్" అని కార్డు వేసుకున్నవారు ఈ రెండింటిలోకీ రారు. తినే జబ్బులకు మాటల చికిత్సే ప్రధానం, మందులు కొందరికే అవసరమవుతాయి. మందులు మొదలుపెడితే ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపకూడదు.

"పిచ్చి డాక్టరు దగ్గరకు వెళ్లిందని తెలిస్తే ఎట్టా?" అన్న భయం మన జిల్లాల్లో గట్టిగానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం మీ వివరాలను వైద్యులు గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. పద్దెనిమిదేళ్లు నిండినవారు తమ చికిత్సకు తామే సమ్మతి ఇవ్వవచ్చు. ఇంటర్ చదివే పద్దెనిమిది లోపువారికి మాత్రం తల్లిదండ్రుల సమ్మతి కావాలి.

ప్రత్యామ్నాయం: మీ ఊళ్లో సైకాలజిస్టు దొరకకపోతే టెలి మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ సేవకు 14416కు గానీ, 1800 891 4416కు గానీ ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగు ఎంచుకోవచ్చు. మొదట కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే నిపుణులకు కలుపుతారు. మెస్‌కు అందరూ వెళ్లిన సమయంలో మేడ మీదకు వెళ్లి మాట్లాడితే ఎవరికీ వినబడదు, కాకపోతే ఆ పూట మెస్ మానేయకుండా ముందుగానే తినండి.

8. కళాశాలలో, హాస్టల్లో ఏం అడగాలి

100 మంది లేదా అంతకు మించి విద్యార్థులు ఉన్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సామాజిక కార్యకర్త ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో ఆదేశించింది. ఆ తీర్పు మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే వచ్చింది. మీ కళాశాలలో ఆ మనిషి ఎవరో నోటీసు బోర్డులో లేకపోతే, నలుగురు కలిసి ప్రిన్సిపాల్‌కు ఒక అర్జీ ఇవ్వండి: "కళాశాల కౌన్సెలర్ పేరు, కలిసే వేళలు, గది వివరాలను నోటీసు బోర్డులో పెట్టవలసిందిగా కోరుతున్నాము." మీ జబ్బు సంగతి అందులో రాయనక్కర్లేదు. కొన్ని చోట్ల కౌన్సెలర్ పని ఒక అధ్యాపకుడికే అప్పగిస్తారు. ఆయనే మీకు మార్కులు వేసేవారైతే, చెప్పేముందు ఎంతవరకు చెప్పాలో ఆలోచించుకోండి.

మెస్ విషయంలో కోరికలు చిన్నవిగా, జరిగేవిగా ఉండాలి. "భోజనం బాగాలేదు" అన్న ఫిర్యాదును ఎవరూ పట్టించుకోరు. "ఆలస్యంగా వచ్చే ల్యాబ్ బ్యాచ్‌కు పళ్లెం పక్కన పెట్టండి", "వారంలో ఇన్ని రోజులు గుడ్డు, గుడ్డు తినని వారికి ఉడికించిన శనగలు" అని మెస్ కమిటీకి రాతపూర్వకంగా ఇస్తే కదలిక వస్తుంది. శనగ పండే ప్రకాశం జిల్లాలో హాస్టల్ సాయంత్రాలకు గుగ్గిళ్లు బరువు కాదు, అయినా బిస్కెట్లే పెడతారు. ఇది నాకు ఎప్పుడూ అర్థం కాదు.

డబ్బు చాలక పూట మానేస్తున్నవారు మొహమాటం వదిలి ఆ మాట వైద్యుడికి, వార్డెన్‌కు చెప్పండి. 2024 ఆగస్టులో తిరిగి తెరిచిన అన్న క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలు. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం ఉంది. పుట్నాలు, వేరుశనగలు, అరటిపండు, పెరుగు గదిలో పొయ్యి లేకుండానే తినగలిగేవి. అయితే తినడానికి భయపడే మనిషికి ఈ జాబితా ఇచ్చి ప్రయోజనం లేదు, వారికి ఏడో మెట్టే దారి.

9. ఇంట్లో చెప్పడం

ఫోనులో కాకుండా ఎదురుగా, భోజనం వేళ కాకుండా, ముందు ఒక్కరికే చెప్పండి. "అమ్మా, నాకు తినే కాడ ఏందో తేడాగా ఉండాది. డాక్టరుకు చూపించుకున్నా. నువ్వు తిట్టకుండా విను, ఈ కాగితం చూడు" అని మొదలుపెట్టి ఓపీ చీటీ చేతికిస్తే, మాటల కంటే ఆ చీటీకి విలువ ఎక్కువ. వారు దిష్టి తీస్తామన్నా, తాయెత్తు కడతామన్నా వాదించి శక్తి వృథా చేసుకోవద్దు. అది చేస్తూనే మందు మానకుండా ఉంటే చాలు. ఉపవాసాలు ఉండే ఇల్లయితే, కార్తీక సోమవారాలైనా రంజాన్ రోజాలైనా కోలుకునేంత వరకు మానాలో వద్దో వైద్యుడి నోటితోనే ఇంట్లోవారికి చెప్పించండి.

తరచూ జరిగే పొరపాట్లు

వాంతి చేసుకున్న వెంటనే పళ్లు తోముకోవడం. ఆమ్లంతో మెత్తబడిన పళ్ల పైపొర బ్రష్‌తో అరిగిపోతుంది. నీళ్లతో పుక్కిలించి ఊరుకోండి, అరగంట తరువాత తోముకోండి.

పీసీఓడీ (నెలసరి తప్పే ఒక అండాశయ సమస్య) ఉందని యూట్యూబ్ చూసి నిర్ణయించుకుని అన్నం మానేయడం. నెలసరి ఆగడానికి తక్కువ తినడం కూడా ఒక కారణం. వరుసగా మూడు నెలలు రాకపోతే స్త్రీల వైద్యురాలికి చూపించి, మీరు ఎంత తింటున్నారో కూడా చెప్పండి.

తిరిగి తినడం మొదలుపెట్టిన తొలి వారాల్లో పొట్ట ఉబ్బరం, మలబద్ధకం రాగానే "నాకు తిండి పడదు" అని ఆపేయడం. పేగులకు అలవాటు తప్పినందువల్ల వచ్చే ఇబ్బంది ఇది, చాలామందిలో క్రమంగా తగ్గుతుంది. కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా మాత్రం అదే రోజు వైద్యుడికి చెప్పండి.

నెలకొక వైద్యుడిని మార్చడం. పరీక్షలు మళ్లీ మొదటి నుంచి చేస్తారు, కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి, ఈలోగా సెమిస్టర్ అయిపోతుంది.

సాయం పనిచేస్తోందా, ఎలా తెలుస్తుంది?

గదిలో రోజూ బరువు తూచుకోవడం కొలమానం కాదు. రెండు వారాలకు చూడవలసింది ఒక్కటే: మూడు పూటలా, వేళ అటూఇటూ అయినా, ఏదో ఒకటి తింటున్నారా? నెల తరువాత పాత నోటు పుస్తకం తీసి మరో మూడు రోజులు రాసి పోల్చండి. "సాకు చెప్పాను" అన్న మాట ఎన్నిసార్లు వచ్చింది, బాత్రూం మాట ఎన్నిసార్లు వచ్చింది అన్నది చూస్తే తేడా మీకే తెలుస్తుంది. రక్తహీనతకు ఐరన్ వాడుతుంటే నెలకు హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మాత్రలు సరిగా వేసుకోవడం లేదో, వేరే కారణం ఉందో చూడాలి. మామూలు స్థాయికి వచ్చాక కూడా వైద్యులు చెప్పినంత కాలం, సాధారణంగా మరో మూడు నెలలు, కొనసాగించాలి. నెలసరి తిరిగి రావడం, తరగతిలో మనసు నిలవడం, స్నేహితులతో కలిసి హోటల్లో కారం దోసె తిని ఆ రాత్రి దాని గురించే ఆలోచిస్తూ పడుకోకపోవడం మంచి గుర్తులు.

మూడు నెలలు క్రమంగా వెళ్లినా వాంతులు, పస్తులు తగ్గకపోతే "నన్ను ఇంకా పెద్ద కేంద్రానికి రాయండి" అని అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో రెఫరల్ చీటీ రాయించుకుని వెళ్తే అవతలివారు మీ కథను అది వదిలిన చోటు నుంచి అందుకుంటారు.

స్నేహితురాలి కోసం చదువుతున్నవారికి

"సన్నబడి బాగున్నావే" అనీ, "నీకేం తక్కువ, తిను" అనీ అనవద్దు. పళ్లెం వైపు చూస్తూ కూర్చోవద్దు. "రెండు రోజుల నుంచి మెస్‌లో కనిపించలేదు, నాకు కంగారుగా ఉంది, రేపు ఓపీకి నేనూ వస్తా" అనండి. కాదంటే బతిమాలి వదిలేయండి, వారం తరువాత మళ్లీ అడగండి. ఒకటో మెట్టులో చెప్పిన ప్రమాద లక్షణం ఏదైనా కంటబడితే మాత్రం రహస్యం దాస్తానని ఇచ్చిన మాట చెల్లదు. వెంటనే వార్డెన్‌కు చెప్పండి, ఆమె గది తలుపు తీయకపోతే 108కి ఫోన్ చేయండి.

సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు మందులు తిరిగి వచ్చే రోజు వరకు సరిపోయేలా తీసుకుని, రిపోర్టులన్నింటినీ ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. సంక్రాంతికి ఊరెళ్లి ఓపీ చీటీ పోగొట్టుకుని వచ్చేవారు ప్రతి ఏడాదీ ఉంటారు.